ఫాసిజం అంటే అసలేంటి? (తిట్టుగా కాకుండా చెప్పండి)

అర్ధణా
మొన్న ఆఫీసు మీటింగ్‌లో మేనేజర్ అందర్నీ కెమెరాలు ఆన్ చెయ్యమన్నాడు. వెంటనే చాట్‌లో ఎవరో "ఫాసిస్టు" అని పెట్టారు. పది నవ్వు బొమ్మలు పడ్డాయి, అందులో ఒకటి నాది. వెనకాలే నిలబడి చూస్తున్న మా అమ్మాయి (ఎనిమిదో తరగతి) "ఫాసిస్టు అంటే ఏంటి నాన్నా?" అంది. "నియంత అమ్మా" అన్నాను. "మరి నియంత అనే అనొచ్చుగా, రెండు మాటలెందుకు?" అంది. నోరు మూతపడింది.

అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. కుడివాళ్లు ఎడమవాళ్లని అంటారు, ఎడమవాళ్లు కుడివాళ్లని అంటారు. మాస్కు పెట్టుకోమన్నవాళ్లనీ అన్నారు, వద్దన్నవాళ్లనీ అన్నారు. నేను చదువుకున్నది ముస్సోలినీ, హిట్లర్, యుద్ధం, రెండు మార్కుల ప్రశ్న. అంతే. నియంతకీ ఫాసిస్టుకీ నిజంగా తేడా ఉందా? ఉంటే పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలరా ఎవరైనా?

నిద్రమత్తు
కెమెరా ఆన్ చెయ్యమన్నవాడు ఫాసిస్టు కాదు, రాక్షసుడు. అది వేరే కేటగిరీ.

సుత్తీకొడవలీ
దీనికి 1935లోనే నిర్వచనం ఇచ్చేశారు. కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ (దేశదేశాల కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి సంస్థ) ఏడో మహాసభలో బల్గేరియా కమ్యూనిస్టు నాయకుడు దిమిత్రోవ్ చెప్పాడు: ఫైనాన్స్ పెట్టుబడిలోని అత్యంత అభివృద్ధి నిరోధక, అత్యంత జాతి దురహంకార, అత్యంత సామ్రాజ్యవాద శక్తుల బహిరంగ టెర్రరిస్టు నియంతృత్వమే ఫాసిజం. ఓట్లతో నెట్టుకురాలేని రోజు వచ్చినప్పుడు డబ్బున్నవాడు బయటికి తీసే కర్ర.

నిద్రమత్తు
ఎనిమిదో తరగతి పిల్లకండీ బాబూ. పేరులోనే సుత్తి ఉంది, మళ్లీ పోస్టులో ఎందుకు.

అడ్డప్రశ్న
కర్ర ఎవరిదో చెప్పారు, బాగుంది. ఆ కర్ర పట్టుకుని తిరిగిన లక్షలమంది మామూలు జనం మాటేమిటి? గుమాస్తాలు, స్కూలు టీచర్లు, చిన్న దుకాణాలవాళ్లు, వీళ్లంతా ఫైనాన్స్ పెట్టుబడేనా?

ఇంకో ముక్క. దిమిత్రోవ్ ఇది చెప్పకముందు అదే ఇంటర్నేషనల్ ఏమనేదో కూడా రాయాల్సింది. జర్మనీలో సోషల్ డెమోక్రాట్లని (ఎన్నికల దారి నమ్మిన సోషలిస్టుల్ని) "సోషల్ ఫాసిస్టులు" అనేది. వీళ్లూ వాళ్లూ కొట్టుకుంటుండగా హిట్లర్ వచ్చి ఇద్దర్నీ ఒకే క్యాంపులో పడేశాడు. ఈ మాటని తిట్టుగా అరగదీసే పని మొదలుపెట్టింది మీవాళ్లే.

సుత్తీకొడవలీ
అది తప్పే, కాదనను. చాలా ఖరీదైన తప్పు. 1935లో దిద్దుకున్నారు, అప్పటికే ఆలస్యమైపోయింది. కానీ డబ్బు ఎవరిచ్చారన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

పుస్తకాలపురుగు
నిర్వచనంతో మొదలుపెడితే ఎప్పుడూ ఇలాగే కొట్టుకుంటాం. ఏం జరిగిందో ముందు చూద్దాం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇటాలియన్‌లో "ఫాషో" అంటే మోపు, కట్ట. పాత రోమ్‌లో పెద్ద అధికారి నడుస్తుంటే ముందు బంట్లు కర్రల మోపు పట్టుకుని నడిచేవాళ్లు, మోపు మధ్యలో గొడ్డలి. కర్రలు కొట్టించే అధికారానికి, గొడ్డలి తల తీయించే అధికారానికి గుర్తు. తర్వాతి కాలంలో ఆ మాటకి ఇటలీలో ఉట్టి "సంఘం" అన్న అర్థమే మిగిలింది. 1890లలో సిసిలీలో రైతులూ కూలీలూ పెట్టుకున్న సోషలిస్టు సంఘాల పేరు కూడా ఇదే. అంటే మాట పుట్టుకలో ఏ దోషమూ లేదు.

ముస్సోలినీ కూడా ఒకప్పుడు సోషలిస్టే, పార్టీ పత్రిక "అవంతి"కి సంపాదకుడు. 1914లో ఇటలీ యుద్ధంలోకి దిగాలని రాసి పార్టీ నుంచి గెంటించుకున్నాడు. యుద్ధం అయ్యాక, 1919 మార్చి 23న మిలాన్‌లో ఒక హాల్లో కొద్దిమంది మాజీ సైనికుల్నీ, కోపంగా ఉన్న కుర్రాళ్లనీ పోగేసి కొత్త సంఘం పెట్టాడు. అప్పటి కార్యక్రమం చదివితే ఆశ్చర్యపోతారు: ఆడవాళ్లకు ఓటు, రోజుకి 8 గంటల పని, యుద్ధ లాభాల మీద భారీ పన్ను. ఆ నవంబరు ఎన్నికల్లో ఒక్క సీటు రాలేదు. మిలాన్‌లో అయిదు వేల ఓట్లు కూడా పడలేదు. సోషలిస్టులు ఆయన పేరున ఉత్తుత్తి శవయాత్ర తీశారు.

మరి మూడేళ్లలో ప్రధాని ఎలా అయ్యాడు? 1920లో ఉత్తర ఇటలీలో కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించారు. పో నది మైదానంలో కూలీ సంఘాలు ఎంత బలపడ్డాయంటే, ఏ భూస్వామి ఎంతమందిని పనిలో పెట్టుకోవాలో సంఘమే చెప్పేది. భూస్వాములకి గుండె జారింది. అప్పుడు కనిపించాయి ముస్సోలినీ నల్లచొక్కాల ముఠాలు. ఇంటికొచ్చేసిన సైనికాధికారులు, కాలేజీ కుర్రాళ్లు, ఆసాముల కొడుకులు. రాత్రిపూట లారీల్లో వచ్చేవాళ్లు. సంఘం ఆఫీసు తగలబెట్టి, నాయకుణ్ణి ఇంట్లోంచి పెళ్లాంబిడ్డల ముందే ఈడ్చుకొచ్చి దుడ్డుకర్రలతో కొట్టేవాళ్లు. చాలాచోట్ల పోలీసులు చూస్తూ నిలబడ్డారు.

కొట్టడం ఒక్కటే కాదు. కట్టేసి, నోరు తెరిపించి, సీసాడు ఆముదం తాగించేవాళ్లు. తాగించి వీధిలోకి వదిలేసేవాళ్లు. నిన్నటిదాకా వందమంది కూలీలు ఎవరి మాట వినేవాళ్లో ఆ మనిషి అందరి ముందూ బట్టలు పాడుచేసుకుంటూ ఇంటికి నడవాలి. కొందరు ఆ పోసిన మోతాదుకే చచ్చిపోయారు. బతికినవాళ్లలో చాలామంది మళ్లీ మీటింగ్ పెట్టలేదు.

ఆడవాళ్ల ఓటూ, లాభాల మీద పన్నూ ఆ కార్యక్రమంలోంచి ఎప్పుడు జారిపోయాయో ఎవరూ అడగలేదు.

నిద్రమత్తు
జోక్ వెయ్యడానికి వచ్చి ఆగిపోయాను.

సరే, ఒక్కటి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా. ఆ సామెత ముస్సోలినీకి ఇంత అచ్చుగుద్దినట్టు సరిపోతుందని ఇవాళే తెలిసింది.

వెన్నెలకుప్ప
నిద్రమత్తు గారూ, సామెత బాగుంది కానీ అక్కడ చెట్లు లేక కాదు. మహామహా మర్రిచెట్లున్నాయి. అవే నీడ ఇచ్చాయి.

జోలిట్టి అని ఇటలీకి అయిదుసార్లు ప్రధాని అయిన పెద్దాయన. 1921 ఎన్నికల్లో సోషలిస్టుల్ని తగ్గించడానికి ఫాసిస్టుల్ని తన కూటమిలో కలుపుకున్నాడు. కొన్నాళ్లు వాడుకుని పక్కన పెట్టొచ్చనుకున్నాడు. 35 సీట్లు వచ్చాయి వాళ్లకి. అప్పటిదాకా వీధి రౌడీలు, ఆ రోజునుంచి గౌరవ సభ్యులు.

తర్వాత 1922 అక్టోబరు 28, "రోమ్ మీద దండయాత్ర". పేరు ఘనమే. నిజానికి వానలో తడిసి ముద్దైన, సరైన తుపాకులు కూడా లేని మూక ఊరి బయట ఆగింది. సైన్యం కదిలితే చెదిరిపోయేవాళ్లే. ప్రధాని ఫాక్తా అత్యవసర పరిస్థితి ఆర్డరు రాసి రాజు దగ్గరికి తీసుకెళ్లాడు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. ముస్సోలినీ ఆ టైంలో మిలాన్‌లోనే ఉన్నాడు, తేడా వస్తే స్విట్జర్లాండ్ దగ్గరే కదా. రాజు పిలిచాక రాత్రి రైల్లో స్లీపర్ బోగీలో పడుకుని రోమ్ వచ్చాడు. దండయాత్రకి నాయకుడు నిద్రపోతూ వచ్చాడన్నమాట.

నిద్రమత్తు
ఆ ఒక్క విషయంలో ఆయన్ని తప్పుపట్టలేను.

లెక్కలమాస్టారు
వెన్నెలకుప్ప గారి పోస్టుకి ఒక అంకె జోడిస్తా. 35 సీట్ల పార్టీ నాయకుడు 1922 నవంబరులో విశ్వాస పరీక్షకి నిలబడ్డాడు. అనుకూలం 306, వ్యతిరేకం 116. మిగతా దాదాపు 270 ఎక్కడ్నుంచి వచ్చాయో మీరే చూసుకోండి. మర్రిచెట్ల లెక్క అది.

కొత్తసభ్యుడు77
అడుగుతున్నానని ఏమనుకోకండి. హిట్లర్ మాత్రం ఎన్నికల్లో మెజారిటీతో గెలిచాడు కదా? డబ్బు విలువ పడిపోయి, నోట్లు బండ్లలో తీసుకెళ్లాల్సి వచ్చి, ఆ కోపంతో జనం గెలిపించారని చదివాను.

లెక్కలమాస్టారు
రెండూ తప్పే, తమ్ముడూ. అందరూ ఇలాగే చెప్తారు కాబట్టి నీ తప్పు కాదు.

నోట్ల కట్టలు బండ్లలో తీసుకెళ్లింది 1923లో. ఆ తర్వాత 1928 ఎన్నికల్లో నాజీలకి వచ్చింది 2.6 శాతం. ధరలు పెరిగినందుకు అయితే అప్పుడే గెలవాలి కదా. వాళ్లు ఎగబాకింది 1929 మాంద్యం తర్వాత, ఉద్యోగాలు పోయినప్పుడు. 1930లో 18.3, 1932 జులైలో 37.3. ఆ ఏడాది నిరుద్యోగులు దాదాపు 60 లక్షలు. అప్పుడు ధరలు పెరగడం లేదు, పడిపోతున్నాయి.

ఇక మెజారిటీ. 1932 నవంబరులో మళ్లీ ఎన్నికలు పెడితే 33.1కి దిగారు, 34 సీట్లు పోయాయి. పార్టీ దగ్గర డబ్బుల్లేవు. సరిగ్గా దిగిపోతున్నప్పుడే పాపెన్ అనే పెద్దమనిషి, మాజీ ఛాన్సలర్, మధ్యవర్తిత్వం చేసి 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌ని (మన ప్రధానిలాంటి పదవి) చేయించాడు. మంత్రివర్గంలో నాజీలు హిట్లర్‌తో కలిపి ముగ్గురే. రెండు నెలల్లో మూలకి నెట్టేస్తామని పాపెన్ ధీమా. ఆ రెండు నెలల లోపే, మార్చి 23న, పార్లమెంటు తన అధికారాలన్నీ హిట్లర్‌కి రాసిచ్చింది. 444 మంది అవునన్నారు, 94 మంది సోషల్ డెమోక్రాట్లు కాదన్నారు. కమ్యూనిస్టు సభ్యులు జైల్లోనో పరారీలోనో ఉన్నారు.

మార్చి 5 ఎన్నికల్లో, పోలీసులూ నాజీల తుఫాను దళాలూ వీధుల్లో ఉండగా కూడా, 43.9 శాతమే. వేరే పార్టీలు పోటీలో ఉన్నంతకాలం సగం ఎప్పుడూ దాటలేదు.

కొత్తసభ్యుడు77
అయ్యో, ఇన్నాళ్లూ తప్పు నమ్మానే. థాంక్స్ మాస్టారూ.

అడ్డప్రశ్న
లెక్కలు సరే. ఎవరూ తాకని ప్రశ్న అడుగుతా. స్టాలిన్ కాలంలో చచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. రహస్య పోలీసులు, ఒకే పార్టీ, నాయకుడి బొమ్మలు, అన్నీ ఉన్నాయి. అయినా "నువ్వు స్టాలినిస్టువి" అంటే ఎవరికీ అంత మంట పుట్టదు. ఎందుకని? పైగా నాజీ పార్టీ పేరులోనే సోషలిస్టు అని ఉంది.

సుత్తీకొడవలీ
పేరులో ఉంటే అయిపోతుందా? నా పేరులో సుత్తి ఉంది, నేను వడ్రంగినా? 1933 మే 2న యూనియన్ ఆఫీసులన్నీ స్వాధీనం చేసుకున్నారు. సోషలిజం మాటని కాస్త సీరియస్‌గా తీసుకున్న నాజీ నాయకుడు గ్రెగర్ స్ట్రాసర్‌ని 1934 జూన్ 30న చంపేశారు. ముస్సోలినీ వచ్చీ రాగానే టెలిఫోన్లు ప్రైవేటుకి అప్పగించాడు, 1926లో సమ్మెలు నిషేధించాడు. ఇదేం సోషలిజం?

అడ్డప్రశ్న
అదే ముస్సోలినీ 1933లో ఐ.ఆర్.ఐ. అనే ప్రభుత్వ సంస్థ పెట్టి బ్యాంకుల చేతిలో ఉన్న చాలా పరిశ్రమల్ని ప్రభుత్వం కిందికి తెచ్చాడు. ఆ ముక్క వదిలేశారు.

పుస్తకాలపురుగు
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఫాసిస్టులకి ఆర్థిక సిద్ధాంతం అంటూ పెద్దగా లేదు. ఏ ఏటికి ఏది పనికొస్తే అది. స్టాలిన్ సంగతి: చంపడంలో పోలిక ఉంది, ఎవరూ కాదనక్కర్లేదు. ఎక్కే దారి వేరు. ఒకరు పాత యజమానుల్ని తుడిచిపెట్టి వచ్చారు, ఇంకొకరు పాత యజమానులు తలుపు తీస్తే వచ్చారు. ఎవడు ఎక్కువ దుర్మార్గుడన్నది వేరే ప్రశ్న, దానికి ఇంకో చర్చ పెట్టుకోండి.

గోడమీదపిల్లి
మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయి నెలకోసారి పెడతారు: "దేశానికి పదేళ్లు ఎన్నికలు ఆపేసి ఒక గట్టి మనిషి చేతిలో పెట్టాలి." నేనూ ఒకట్రెండుసార్లు బొటనవేలు పెట్టాను, నిజం చెప్పాలంటే. మరి ఆయన ఫాసిస్టా? ముస్సోలినీ హయాంలో రైళ్లు టైంకి నడిచేవి అని కూడా పెడుతుంటారు.

లెక్కలమాస్టారు
రైళ్ల కథ ప్రచారం. కొన్ని పెద్ద లైన్లు బాగుపడ్డాయి, ఆ పని చాలావరకు ఆయన రాకముందే మొదలైంది. చిన్న లైన్లలో జనం ఎప్పట్లాగే ప్లాట్‌ఫాం మీద కూర్చునేవాళ్లు. తేడా ఏమిటంటే, ఆలస్యమైందని పేపర్లో రాసేవాడు లేడు.

పుస్తకాలపురుగు
గోడమీదపిల్లి గారి బాబాయి దగ్గరే అర్ధణా గారి అమ్మాయి ప్రశ్నకి సమాధానం ఉంది. బాబాయి ఫాసిస్టు కాదు. ఆయనకి కావలసింది ఉట్టి నియంత.

మామూలు నియంతకి జనం ఇంట్లో కూర్చోవడం కావాలి. నోరు మూసుకో, పని చేసుకో, రాజకీయాలు నాకొదిలెయ్. పోర్చుగల్‌లో సలజార్ ఇలాంటివాడు. తన దేశంలో నీలిచొక్కాలు వేసుకున్న ఫాసిస్టు గుంపుని 1934లో తనే అణిచేశాడు, వాళ్ల గోల పడక. స్పెయిన్ నియంత ఫ్రాంకోని ఏ గంపలో వెయ్యాలో చరిత్రకారులు ఇప్పటికీ తగవు పడుతున్నారు.

ఫాసిస్టుకి జనం మౌనంగా ఉంటే చాలదు. వీధిలోకి రావాలి, చొక్కా వేసుకోవాలి, అరవాలి, సంతోషంగా అరవాలి. మనం ఒకప్పుడు గొప్పవాళ్లం, ఎవరో మనల్ని పాడుచేశారు, ఆ ఎవరో మన మధ్యే ఉన్నారు, వాళ్లని ఏరేస్తే మళ్లీ గొప్పవాళ్లమవుతాం అన్న కథ కావాలి. ఆ కథ కోసం కొట్టడం పాపం కాదు, పుణ్యం అనిపించాలి. రాబర్ట్ పాక్స్టన్ అనే చరిత్రకారుడు దీన్ని బాగా విప్పి చెప్పాడు. ఆయన మాట ఏమిటంటే, వాళ్లు చెప్పింది వినకండి, చేసింది చూడండి అని.

వెన్నెలకుప్ప
దీనికి నా దగ్గర ఒక వస్తువు ఉంది, అంటే నేను చూసిన వస్తువు.

చదువు కోసం రెండేళ్లు రోమ్‌లో ఉన్నాను. మా ఇంటి ఓనరమ్మ పెద్దావిడ. ఒకరోజు సొరుగులోంచి ఒక ఉంగరం తీసి చూపించింది. నల్లగా, తేలికగా, ఇనుము. వాళ్లమ్మ పెళ్లి ఉంగరం. అసలు బంగారు ఉంగరం 1935లో దేశానికి ఇచ్చేసింది. ఇథియోపియా మీద యుద్ధానికి దిగినందుకు ఇటలీ మీద ఆంక్షలు పెట్టారు, అప్పుడు ప్రభుత్వం పెళ్లి ఉంగరాలు అడిగింది. డిసెంబరు 18న పెద్ద కార్యక్రమం, ముందు రాణి తన ఉంగరం ఇచ్చింది, వెనక లక్షలమంది ఆడవాళ్లు. ఇటాలియన్‌లో "ఫేదే" అంటే నమ్మకం, పెళ్లి ఉంగరం కూడా. ఇచ్చినవాళ్లకి బదులు ఈ ఇనుప ఉంగరం. లోపల వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి: "దేశానికి బంగారం", పక్కన రోమన్ అంకెల్లో 14. అంటే ముస్సోలినీ వచ్చి పద్నాలుగో ఏడు. క్యాలెండరు కూడా ఆయనతోనే మొదలు.

"మీ అమ్మగారు బలవంతం మీద ఇచ్చారా?" అనడిగాను. "లేదు, చాలా సంతోషంగా ఇచ్చింది. చచ్చేదాకా దాని గురించి మాట్లాడలేదు" అంది. ఆ యుద్ధంలో ఇథియోపియా జనం మీద విమానాల నుంచి విషవాయువు చల్లారు.

సలజార్ ఎవర్నీ ఉంగరం అడగలేదు. అదీ తేడా అనుకుంటా.

అర్ధణా
ఇది పిల్లకి చెప్పగలను. థాంక్సండీ.

వెన్నెలకుప్ప
ఇంకోటి కూడా చెప్పండి, నవ్వుతుంది. ఇటాలియన్‌లో మర్యాదగా "మీరు" అనడానికి "లెయ్" అంటారు. 1938లో పార్టీవాళ్లు అది మగతనం లేని మాట, "వొయ్" అనే అనాలి అని ప్రచారం పెట్టారు. "లెయ్" అంటే "ఆమె" అని కూడా అర్థం. ఆ పేరుతో ఒక ఆడవాళ్ల పత్రిక ఉండేది, అది కూడా పేరు మార్చుకుని "అన్నబెల్లా" అవ్వాల్సి వచ్చింది.

నిద్రమత్తు
"లెయ్" అని రోజూ పొద్దున్నే మా ఇంట్లో నన్ను అంటారు. నిషేధించడంలో తప్పేం లేదు.

గోడమీదపిల్లి
😂

సుత్తీకొడవలీ
నవ్వు వచ్చింది కానీ అదే 1938లో యూదుల పిల్లల్ని బళ్లలోంచి గెంటేసే చట్టాలు కూడా వచ్చాయి. అప్పటిదాకా పార్టీలో యూదులు కూడా ఉన్నారు, మనకేం కాదనుకున్నారు. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ భార్య యూదు. ఆ డిసెంబరులో నోబెల్ తీసుకోవడానికి స్టాక్‌హోం వెళ్లినాయన అటునుంచి అటే అమెరికా వెళ్లిపోయాడు.

గోడమీదపిల్లి
చదువుకున్నవాళ్లెవరూ ఎదురు చెప్పలేదా మరి?

పుస్తకాలపురుగు
1931లో యూనివర్సిటీ ప్రొఫెసర్లందరితో పాలకపక్షానికి విధేయత ప్రమాణం చేయించారు. దాదాపు 1200 మంది. చెయ్యనన్నవాళ్లు పన్నెండు మంది దాకా. మిగతావాళ్లలో చాలామంది దాన్ని ఫారం నింపడంలాగే చూశారు.

చెప్పినవాళ్లు ఉన్నారు. మత్తెయొత్తి అనే సోషలిస్టు సభ్యుడు 1924 మే 30న పార్లమెంటులో లేచి, ఎన్నికల్లో ఏమేం అక్రమాలు జరిగాయో ఒక్కొక్కటే చదివాడు, చుట్టూ కేకలు వేస్తుంటే. జూన్ 10న రోమ్‌లో నది ఒడ్డున కారులోకి లాక్కెళ్లారు. శవం ఆగస్టులో దొరికింది. ప్రభుత్వం పడిపోతుందనుకున్నారు అంతా. పడలేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలబడి జరిగినదానికంతటికీ బాధ్యత నాదే, ఏం చేస్తారో చెయ్యండి అన్నాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

గోడమీదపిల్లి
బయటివాళ్లు కూడా మోసపోయారా?

వెన్నెలకుప్ప
టాగూరంతటివాడు పడ్డాడు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వ అతిథిగా ఇటలీ వెళ్లి బాగా మర్యాదలు పొందారు, ఆయన మెచ్చుకోళ్లు అక్కడి పత్రికలు పతాక శీర్షికల్లో వేసుకున్నాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచి రచయిత రొమైన్ రోలాని, దేశం వదిలి వచ్చినవాళ్లని కలిశాక కళ్లు తెరుచుకున్నాయి. ఆ ఆగస్టులో మాంచెస్టర్ గార్డియన్‌లో లేఖ రాసి ఖండించారు. పదేళ్ల తర్వాత నెహ్రూ రోమ్ మీదుగా వస్తుంటే ముస్సోలినీ కలవమని కబురు మీద కబురు పెట్టినా వెళ్లలేదు. ఫొటో ఎందుకు పనికొస్తుందో ఆయనకి అర్థమైంది.

కొత్తసభ్యుడు77
అయితే ఇప్పుడు ఫాసిజం ఉన్నట్టా లేనట్టా? ఉదాహరణకి మన దగ్గర

కాపలాదారు (మోడరేటర్)
పై పోస్టులో సగం తీసేశాను. ఇక్కడి పార్టీల పేర్లు వచ్చాయంటే ఈ చర్చకి తాళం పడుతుంది, పోయినసారి ఏమైందో అందరికీ గుర్తుంది. వేరే దేశాల సంగతులు మాట్లాడుకోండి.

నిద్రమత్తు
మోడరేటర్ ఫాసిస్టు.

కాపలాదారు (మోడరేటర్)
కెమెరా ఆన్ చెయ్యండి ముందు.

అడ్డప్రశ్న
ఇప్పుడు లేదు అనే నా ఉద్దేశం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన లక్షలమంది కుర్రాళ్లు, విప్లవ భయం, వీధి సైన్యాలు, ఇవన్నీ ఉంటేనే ఫాసిజం. ఇవాళ కనిపించేదాన్ని అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ 2014లో తనే "ఉదారవాదం కాని రాజ్యం" అని పిలుచుకున్నాడు. కోర్టుల్నీ టీవీల్నీ మెల్లగా గుప్పిట్లోకి తెచ్చుకోవడం. చెడ్డదే, కానీ అక్కడ ఎవరూ ఆముదం పొయ్యలేదు. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో 1995లో ఫాసిజానికి 14 లక్షణాలు రాశాడు కదా, అందులో రెండుమూడు మా అపార్టుమెంటు సెక్రటరీకి కూడా సరిపోతాయి.

సుత్తీకొడవలీ
ఆముదం పోస్తేనే గుర్తుపడతానంటే అప్పటికి సీసా మీ నోట్లోనే ఉంటుంది.

పుస్తకాలపురుగు
"లేదు" అనేముందు గ్రీసు చూడండి. గోల్డెన్ డాన్ పార్టీ 2012లో 18 సీట్లతో పార్లమెంటులోకి వచ్చింది. రాత్రిళ్లు వలస వచ్చినవాళ్లని వెతికి కొట్టడం, పొద్దున్న సభలో కూర్చోవడం. 1921 ఇటలీలాగే. 2013లో పావ్లోస్ ఫిస్సాస్ అనే గాయకుణ్ణి పొడిచి చంపారు, 2020 అక్టోబరులో కోర్టు ఆ పార్టీని నేరస్థుల ముఠా అని తేల్చింది. నాయకులు జైలుకెళ్లారు.

నేను పైన చెప్పిన పాక్స్టన్ కూడా అడ్డప్రశ్న గారిలాగే ఆ మాట ఊరికే వాడొద్దనేవాడు. ట్రంప్‌కి అది సరిపోదు అని చాలాకాలం అన్నాడు. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో గుంపు పార్లమెంటు భవనం మీద పడ్డాక, ఇక నా అభ్యంతరం లేదు అని రాశాడు. చాలామంది చరిత్రకారులు ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు. కానీ ఆయన మనసు మార్చింది ఉపన్యాసం కాదు, గుంపు.

అడ్డప్రశ్న
గ్రీసు ఒప్పుకుంటా. రెండోదానికి నేను ఇంకా ఒప్పుకోనివాళ్ల జట్టే.

లెక్కలమాస్టారు
ఒక విషయం ఎవరూ రాయలేదు. ఈ గుంపులు చాలా దేశాల్లో పుట్టాయి, చాలాచోట్ల ఓడిపోయాయి.

ఫిన్లాండ్‌లో లపువా ఉద్యమం 1932లో తుపాకులు పట్టుకుని మాంత్సాలా అనే ఊళ్లో చేరింది. అధ్యక్షుడు స్విన్హువుద్ వాళ్ల మద్దతుతో ఎన్నికైన మనిషే, గట్టి మితవాది. రేడియోలో మాట్లాడి, ఇళ్లకి పోండి, పోయినవాళ్లకి శిక్ష ఉండదు, నాయకులకి మాత్రం ఉంటుంది అన్నాడు. పోయారు. ఉద్యమాన్ని నిషేధించారు.

బెల్జియంలో 1937లో దెగ్రెల్ అనే ఫాసిస్టు నాయకుడు బ్రస్సెల్స్ ఉప ఎన్నికలో దిగితే, అతని మీద ప్రధానే స్వయంగా పోటీకి నిలబడ్డాడు. కాథలిక్కులు, లిబరళ్లు, సోషలిస్టులు, చివరికి కమ్యూనిస్టులు కూడా ఆయనకే వేశారు. నాలుగింట మూడొంతుల ఓట్లు ప్రధానికి.

రోమ్‌లో రాజు పెట్టని సంతకం, ఇక్కడ వీళ్లు పెట్టారు, నా లెక్క ప్రకారం.

అర్ధణా
నిన్న రాత్రి అంతా చెప్పాను పిల్లకి. ఆముదం దగ్గర "ఛీ" అంది, ఉంగరం దగ్గర ఏమీ అనలేదు, "లెయ్" దగ్గర నవ్వింది. ఆఖర్న ఒకటే అడిగింది: "రాజు ఎందుకు సంతకం పెట్టలేదు?" ఇది నాకు తెలీదు. ఎవరికైనా తెలుసా?

పుస్తకాలపురుగు
ఆయన ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పాడు. అంతర్యుద్ధం వస్తుందని భయం, సైన్యం మాట వింటుందో లేదోనని అనుమానం, ఫాసిస్టులకి దగ్గరగా ఉన్న సొంత బంధువు ఆవొస్తా ప్రభువు సింహాసనం ఎగరేసుకుపోతాడేమోనని బెంగ. సోషలిస్టులంటే పడకపోవడం కూడా ఉంది. వీటిలో ఏది ఎంతన్నది ఆయనతోనే పోయింది.

లెక్కలమాస్టారు
ఆ సింహాసనం సంగతి కూడా చెప్పండి. 1938లో యూదుల మీద చట్టాలకి మాత్రం సంతకం పెట్టాడు. 1946 మేలో కొడుక్కి కిరీటం ఇచ్చి దిగిపోయాడు. నెల తిరక్కుండానే, జూన్ 2న, రాజరికం కావాలా వద్దా అని జనాన్ని అడిగారు. వద్దన్నవాళ్లు కోటీ 27 లక్షలు, కావాలన్నవాళ్లు కోటీ 7 లక్షలు. మరుసటి ఏడు ఈజిప్టులో చనిపోయాడు. శవం ఇటలీకి తిరిగొచ్చింది 2017లో.

వెన్నెలకుప్ప
ఆడవాళ్లు దేశమంతటా మొదటిసారి ఓటేసింది కూడా ఆ జూన్ 2 పోలింగులోనే. 1919 కార్యక్రమంలో రాసుకున్న ఓటు, రాసినవాడు పోయాక వచ్చింది.

అర్ధణా
చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి మీ ఆఫీసులో కెమెరా ఆన్ చెయ్యమన్నాయన?" అంది. ఆయన ఉట్టి మేనేజరే అమ్మా అన్నాను. ఇవాళ మీటింగ్‌లో కెమెరా ఆన్ చేశాను కూడా. చాట్‌లో మళ్లీ ఎవరో ఫాసిస్టు అని పెట్టారు, ఈసారి నేను నవ్వు బొమ్మ పెట్టలేదు.

నిద్రమత్తు
కెమెరా ఆన్ చేశారా? అయితే మీరూ ఆ 306లో ఒకరు.